లోటు లెక్క – 3వ పాఠం: ముందు పని, తర్వాతే వస్తువు

రక్షణ ప్రణాళికలో సామర్థ్య లోటును గుర్తించి పరిష్కారాన్ని సిఫార్సు చేయడం ఎలాగో నేర్చుకుంటున్నాం. మొదటి పాఠంలో లక్ష్యం నుంచి పనుల జాబితా రాబట్టాం. రెండో పాఠంలో వాటిలో ఏవి ముఖ్యమో ఏరుకున్నాం. దాని చివర ఒక అభ్యాసం ఇచ్చాను. సంవత్సరం 2014. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ ప్రణాళిక విభాగంలో మీరు కూర్చున్నారు. జలాంతర్గామి ప్రమాదాల విషయంలో ఉన్న లోటును ఒక్క వాక్యంలో రాయాలి.

ఎవరైనా మొదట రాసే వాక్యం ఇలా ఉంటుంది: “మునిగిపోయిన జలాంతర్గామి నుంచి మనుషులను పైకి తెచ్చే వాహనం మన దగ్గర లేదు.”

కొట్టేయండి. అందులో అబద్ధమేమీ లేదు, కానీ అది లోటు కాదు, కొనుగోలు చీటీ. దానికి ఉన్న జవాబు ఒక్కటే: వాహనం కొనడం. అది ఎంత లోతుకు దిగాలి, ఏ రేవులో ఉండాలి, ఏ ఓడ దాన్ని మోయాలి, ఎన్ని గంటల్లో చేరాలి అన్నవేవీ ఆ వాక్యంలో లేవు. కోట్లు పోసి కొన్న తర్వాత లోటు తీరిందో లేదో చూసుకోవడానికి కొలబద్ద కూడా లేదు. ఈ రంగంలో చెడిపోయే పత్రాల్లో చాలా భాగం మొదటి పేజీలోనే చెడిపోతాయని నా అభిప్రాయం. వస్తువు పేరుతో మొదలైన పత్రం ఆ వస్తువును సమర్థించడానికే చివరిదాకా చెమటోడుస్తుంది.

లోటు వాక్యంలో నాలుగు ముక్కలు ఉండాలి: చేయాల్సిన పని, అది జరిగే పరిస్థితి, సరిపోయిందని చెప్పే కొలత, ఇప్పుడు మనం చేయగలిగినది. చివరి రెంటి మధ్య ఉన్న తేడానే లోటు.

ముందు పరిస్థితి చూద్దాం. విశాఖలో ఉన్నవారికి ఒక సౌకర్యం ఉంది. ఆర్కే బీచ్‌కు వెళ్ళి ఐఎన్‌ఎస్ కురుసుర లోపలికి అడుగుపెట్టండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న సోవియట్ తయారీ జలాంతర్గామి అది. పొడవు 91 మీటర్లు. ఒక గది నుంచి మరో గదికి వెళ్ళే గుండ్రని ద్వారాల దగ్గర ఒక కాలు ముందు వేసి, తల వంచి, నడుము మెలిపెట్టి దాటాలి. ఆ ద్వారం మూసి బిగిస్తే అవతలి గదిలో నీరు నిండినా ఇవతలి గదిలో మనుషులు బతుకుతారు. వాళ్ళు బతికి ఉన్నంతసేపే మన పని. పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, చలి పట్టుకుంటుంది. ప్రమాదం తర్వాత తొలి మనిషిని బయటికి తేవడానికి 72 గంటలు అన్నది నౌకాదళాలు విస్తృతంగా వాడే ప్రణాళిక అంకె. మన కొలత అక్కడ దొరికింది.

ఇక లోతు. ఇక్కడ ఆశ హద్దు దాటుతుంది. “వీలైనంత ఎక్కువ లోతు” అని రాయబోతారు. ఒక్క క్షణం ఆగండి. జలాంతర్గామి గట్టి పొట్టు ఒక లోతు వరకే నీటి ఒత్తిడిని ఓర్చుకుంటుంది. అది దాటితే నలిగిపోతుంది. ఆ తర్వాత రక్షించడానికి మనుషులు ఉండరు. 2021 ఏప్రిల్ 21న బాలి దగ్గర ఇండొనేషియా జలాంతర్గామి నంగాల 53 మందితో మునిగింది. అది దొరికిన లోతు 838 మీటర్లు, మూడు ముక్కలై. 2014 తర్వాత మన దగ్గరికి వచ్చిన రక్షక వాహనం 650 మీటర్ల వరకు దిగుతుంది. వెయ్యి మీటర్లకు దిగేది ఉన్నా ఆ 53 మందికి ఉపయోగం ఉండేది కాదు.

కాబట్టి లోతు కొలతను పొట్టు బలం నిర్ణయిస్తుంది, సముద్రం లోతు కాదు. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. విశాఖ ఎదుట ఖండతీరపు అంచు సన్నం. కొద్ది దూరం పోగానే నేల జారిపోయి వేల మీటర్ల లోతు వస్తుంది. అక్కడ మునిగితే రక్షణ ప్రశ్నే లేదు. పటం మీద బంగాళాఖాతం మొత్తం నీలంగా కనిపించినా, మనుషులను ప్రాణాలతో తేగలిగే నేల తీరం వెంబడి, దీవుల చుట్టూ ఉన్న పట్టీ మాత్రమే. పటం తీసుకుని ఆ పట్టీని పెన్సిలుతో నింపి చూడండి. మీ సమస్య అక్కడికక్కడే చిన్నదవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. 72 గంటలను ముక్కలు చేయాలి. కింది అంకెలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవే. నిజమైనవి సీలు వేసిన కవర్లలో ఉంటాయి, ఉండాలి కూడా. ప్రమాదం తెలిసి చోటు గుర్తించడానికి 12 గంటలు. రక్షక వాహనాన్ని, దాని సరంజామాను ఏదో ఒక ఓడ మీదికి ఎక్కించి డెక్కుకు వెల్డింగ్ చేసి బిగించడానికి 24 గంటలు. అక్కడికి చేరాక నీటిలోకి దించి, మునిగిన జలాంతర్గామి పై మూత (హ్యాచ్) మీద కూర్చోబెట్టడానికి 6 గంటలు. మొత్తం 42 పోతే ప్రయాణానికి మిగిలేవి 30 గంటలు. ఓడ వేగం 15 నాట్లు, అంటే గంటకు 15 నాటికల్ (సముద్ర) మైళ్ళు అయితే 450 నాటికల్ మైళ్ళు. విశాఖ నుంచి చెన్నై సుమారు 330 మైళ్ళు, అందుతుంది. పోర్ట్ బ్లెయిర్ సుమారు 650, అందదు.

మీ పై అధికారి వెంటనే “వేగమైన ఓడ తీసుకుందాం” అంటాడు. 18 నాట్లు వేసి చూడండి: 540 మైళ్ళు. ఇంకా అందలేదు. ఇప్పుడు వేగాన్ని మళ్ళీ 15కే దించి, వాహనం ఎప్పుడూ ఓడ మీదే బిగించి సిద్ధంగా ఉందనుకోండి. ఎక్కించే 24 గంటలు రెండు గంటలకు తగ్గుతాయి. ప్రయాణానికి 52 గంటలు మిగులుతాయి, 780 మైళ్ళు. పోర్ట్ బ్లెయిర్ దాటి పోవచ్చు. ఇంజను మీద పెట్టే డబ్బు కన్నా రేవులో పోయే సమయం మీద పెట్టే డబ్బు ఎక్కువ దూరం తీసుకెళ్ళింది. ఈ సంగతి మొదటి వాక్యం నుంచి ఎన్నటికీ బయటపడదు. పనిని గంటలుగా విడగొట్టినప్పుడే కనిపిస్తుంది.

నంగాల విషయంలోనూ ఇదే లెక్క వేయవచ్చు. భారత నౌకాదళం ఏప్రిల్ 22న విశాఖ నుంచి రక్షక వాహనాన్ని పంపింది. ఆ చోటు సరళరేఖలోనే దాదాపు 2,400 నాటికల్ మైళ్ళు. 15 నాట్ల వేగంతో 160 గంటలు. పంపడం పొరుగువారి పట్ల ధర్మం. కానీ సామర్థ్య పత్రంలో దాన్ని “చేయగలం” అన్న గడిలో వేస్తే అది ఆత్మవంచన.

ఒక హెచ్చరిక. 2013 ఆగస్టులో ముంబై రేవులో ఐఎన్‌ఎస్ సింధురక్షక్ పేలి 18 మంది చనిపోయారు. 2014 ఫిబ్రవరిలో సింధురత్నలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు చనిపోయారు. ఆ రోజుల్లో మీ పత్రంలో ఈ రెండింటినీ కారణంగా చూపాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ రెంటిలో ఏ ఒక్కదానిలోనూ రక్షక వాహనం పనికొచ్చేది కాదు. ఒకటి రేవులో కట్టి ఉండగా జరిగింది, రెండోది తనంతట తానే పైకి తేలింది. అవి వేరే లోట్లు: ఆయుధ భద్రత, అగ్ని నివారణ. తాజా దుర్ఘటన వేడిలో వేరే వస్తువును నెగ్గించుకోవడం సులువే. కానీ అసలు లోటు అలాగే మిగిలిపోతుంది.

ఇప్పుడు వాక్యం మళ్ళీ రాయండి: “తూర్పు తీరంలోనూ అండమాన్ పరిసరాల్లోనూ, పొట్టు ఓర్చుకోగల లోతులో నేలపట్టిన జలాంతర్గామి నుంచి 72 గంటల్లోపు తొలి మనిషిని బయటికి తేవాలి, ప్రస్తుతం బయటి దేశం సాయం వచ్చేదాకా తేలేము.” మొరటుగా ఉంది, సరే. కానీ దీన్ని కొలవవచ్చు.

పరిష్కారాల దగ్గరికి వద్దాం. అమెరికా రక్షణ శాఖ విధానంలో ఎనిమిది అంశాలు వరుసగా చూడమన్నారు: యుద్ధ సిద్ధాంతం, సంస్థ నిర్మాణం, శిక్షణ, సామగ్రి, నాయకత్వం, సిబ్బంది, వసతులు, విధానాలు. సామగ్రి ఎనిమిదిలో ఒకటి మాత్రమే. మిగిలిన ఏడూ వెతికాకే దాని దగ్గరికి రావాలన్నది దీని ఉద్దేశం. ఏడింటి మీదా సమానంగా పేజీలు నింపకండి. మన ఉదాహరణలో నాయకత్వం, సిబ్బంది గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బరువంతా విధానాల మీద, శిక్షణ మీద ఉంది.

విధానం ఎంత పని చేస్తుందో రష్యా అనుభవం చెబుతుంది. 2000 ఆగస్టు 12న రష్యా జలాంతర్గామి కుర్స్క్ 108 మీటర్ల లోతులో మునిగింది. 118 మంది చనిపోయారు. వెనుక గదిలో 23 మంది పేలుళ్ళ తర్వాత కొంతసేపు బతికే ఉన్నారు. విదేశీ సాయానికి మాస్కో ఒప్పుకోవడానికి రోజులు పట్టింది. చివరికి నార్వే డైవర్లు వెళ్ళి హ్యాచ్ తెరిచేసరికి లోపల ఎవరూ బతికి లేరు. 2005 ఆగస్టులో కమ్‌చట్కా దగ్గర ఏఎస్-28 అనే చిన్న జలాంతర వాహనం ఏడుగురితో వలల్లో, కేబుళ్ళలో చిక్కుకుంది. ఈసారి సాయం వెంటనే కోరారు. బ్రిటన్ పంపిన స్కార్పియో అనే రిమోట్ యంత్రం ఆ చిక్కు తెంపింది, ఏడుగురూ బయటపడ్డారు. ఈ ఐదేళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది సాయం అడగడానికి వెనుకాడని నిర్ణయం. కుర్స్క్ తర్వాతే జలాంతర్గామి రక్షణ సాయాన్ని సమన్వయం చేసే ‘ఇస్మెర్లో’ (ISMERLO) అనే అంతర్జాతీయ కార్యాలయం ఏర్పడింది. దానికి సమాచారం ఎవరు, ఏ గంటలో పంపాలో ముందే రాసి ఉంచడానికి ఒక కాగితం చాలు.

శిక్షణ సంగతి. రక్షక వాహనం వచ్చేలోపు మనిషి తనంతట తాను తప్పించుకోగలిగితే 72 గంటల లెక్కే మారుతుంది. విశాఖలో ఐఎన్‌ఎస్ శాతవాహన జలాంతర్గామి సిబ్బంది శిక్షణ కేంద్రం. అక్కడే 2024 డిసెంబరులో వినేత్ర అనే శిక్షణ వసతి ప్రారంభమైంది. కల్వరి తరగతి జలాంతర్గామి నుంచి తప్పించుకోవడం అందులో నేర్పుతారు. ఐదు మీటర్ల గొట్టం, పక్కనే డైవింగ్ కొలను. ఓడల ధరతో పోలిస్తే చిన్న ఖర్చే.

ఇవన్నీ చేసినా లోటు పూర్తిగా మూసుకోదు. ఎక్కువ లోతు నుంచి సొంతంగా పైకి రావడం ప్రాణాంతకం, విదేశీ సాయం అన్నిసార్లూ సమయానికి చేరదు. సామగ్రి తప్పదని ఇప్పుడు చెప్పండి, బలంగా చెప్పవచ్చు. చెప్పేటప్పుడు వాహనం ఒక్కటే అడగకండి. అది మోసే తల్లి ఓడ, పైకి వచ్చినవాళ్ళ శరీరంలోని ఒత్తిడిని మెల్లగా తగ్గించే గదులు, నేలను వెతికే సోనార్ అన్నీ ఒకే వ్యవస్థ. ఒకటి లేకపోతే మిగతావి ప్రదర్శనకు మాత్రమే పనికొస్తాయి.

మన దగ్గర జరిగిన వరుస చూడండి. రెండు రక్షక వ్యవస్థలకు 2016 మార్చిలో ఒప్పందం. మొదటిది 2018 డిసెంబరులో ముంబైలో సేవలో చేరింది, రెండోది విశాఖకు వచ్చింది. తల్లి ఓడగా పనిచేయగల డైవింగ్ సహాయ నౌకలు రెండింటికి హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో 2018లో ఒప్పందం కుదిరింది. మొదటిది నిస్తార్, పది వేల టన్నులకు పైబడిన ఓడ, 2025 జులై 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. ఒకప్పటి సోవియట్ తయారీ నిస్తార్ 1989లోనే విశ్రాంతి తీసుకుంది. పాత పేరు కొత్త ఓడకు రావడానికి ఎంత కాలం పట్టిందో మీరే లెక్కవేసుకోండి. వాహనం ముందు, దాని తల్లి ఓడ చాలా ఏళ్ళ తర్వాత రావడాన్ని మన అభ్యాస లెక్కలో పెట్టి చూడండి. ఆ మధ్యకాలమంతా ఎక్కించే 24 గంటల ముక్క అలాగే ఉండిపోయినట్టు. ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం మొదలుపెడితే ఎలా ఉంటుందో సేకరణ పత్రాలూ అలాగే ఉంటాయి. అందుకే సిఫార్సులో “వచ్చేదాకా ఏం చేస్తాం” అన్న పేరా తప్పనిసరి.

మన దేశంలో ఈ పత్రం నడిచే దారి క్లుప్తంగా: పదేళ్ళ సమీకృత సామర్థ్య అభివృద్ధి ప్రణాళికలో అవసరం కనిపించాలి, దానికి గుణాత్మక అవసరాల పత్రం (కొనేది ఏం చేయగలగాలో చెప్పేది) రాయాలి, రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే సేకరణ మండలి “అవసరం ఉంది” అని అంగీకరించాలి. ఆ తర్వాతే బిడ్లు. 2020 సేకరణ విధానం గుణాత్మక అవసరాలు పని రూపంలో ఉండాలంటుంది. మీ లోటు వాక్యం సరిగా ఉంటే ఆ పత్రంలో సగం రాసినట్టే.

సిఫార్సు పేజీలో కనీసం మూడు దారులు పెట్టండి. మొదటిది ఏమీ చేయకపోవడం. దాన్ని ఎగతాళిగా రాయకండి, నిజమైన ప్రత్యామ్నాయంగా ఖర్చు, ప్రమాదం రెండూ రాయండి. ప్రతి దారికీ ఎంత లోటు తీరుతుందో, ఎంత మిగులుతుందో అదే కొలతలో చెప్పండి: “చెన్నై వరకు 72 గంటల్లో అందుతాం, పోర్ట్ బ్లెయిర్‌కు అందము.” “ప్రమాదం మధ్యస్థం” అని రాస్తే చదివిన అధికారి తల ఊపి పక్కన పెడతాడు. “పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఏదైనా జరిగితే మన చేతిలో ఏమీ ఉండదు, సంతకం చేసేవారు ఇది తెలిసే చేయాలి” అని రాస్తే కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు.

ఈ వారం అభ్యాసం. విశాఖ లోపలి రేవుకు డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచి ఒకే ఇరుకు కాలువ ఉంది. నౌకాదళ డాక్‌యార్డ్ ఆ లోపలే. కాలువలో ఒక సరుకు ఓడ అడ్డం తిరిగి నేలపట్టిందనుకోండి. ప్రచురిత సమాచారం మాత్రమే వాడుతూ నాలుగు ముక్కల లోటు వాక్యం రాయండి. వాక్యంలో టగ్గు, డ్రెడ్జరు, క్రేను, ఓడ అన్న మాటలు వాడకూడదు. కొలతగా గంటలు ఎంచుకుంటారా, బయటికి రాగల నౌకల సంఖ్య ఎంచుకుంటారా అన్నది మీ ఇష్టం, కానీ ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి. తర్వాత సామగ్రి కాని ఏడు అంశాల్లో మీకు నిజంగా పనికొచ్చే రెండింటిని మాత్రమే విస్తరించండి. వచ్చే పాఠంలో ఆ రెంటికీ ఖర్చు కట్టడం మొదలుపెడదాం.