డిసబిలిటీ పెన్షన్ కొట్టేస్తే: నాకు పనిచేసిన దారి

మాది పర్లాకిమిడి. 2019లో ఆర్మీ నుంచి హవల్దార్‌గా వచ్చేశాను. చివరి మెడికల్ బోర్డు నా బీపీకి 30 శాతం వైకల్యం వేసి, 'సర్వీసు వల్ల వచ్చింది కాదు, పెరిగిందీ కాదు' అని రాసింది. దాంతో క్లెయిమ్ కొట్టేశారు.

మళ్లీ మళ్లీ అర్జీలు, భువనేశ్వర్ తిరుగుళ్లు, కొత్త ఈసీజీలు: అన్నీ దండగ.

పనిచేసింది ఆర్టీఐ. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి రెండే అడిగాను: భర్తీనాటి మెడికల్ కాగితం, బోర్డు ప్రొసీడింగ్స్ పూర్తి కాపీ. వచ్చాక పక్కపక్కన పరిచి చూశాను. భర్తీనాడు జబ్బుల గడిలో 'నిల్'. బోర్డు కాగితంలో కారణం రాయాల్సిన చోట ఒక్క ముక్క, అదీ రబ్బరు స్టాంపుతో! బీపీ మొదట బయటపడింది లడఖ్ పోస్టింగ్‌లోనని అదే కాగితంలో ఉంది.

ఈ మూడింటినీ పేజీ నంబర్లతో చూపిస్తూ, ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు జతచేసి, తిరస్కరణ ఉత్తరం అందిన ఆరు నెలల్లోపే మొదటి అప్పీలు పంపాను. భర్తీలో జబ్బు నమోదు కాకపోతే, సర్వీసుకు సంబంధం లేదని నిరూపించే భారం ఆర్మీదేనని ఆ తీర్పు. పాతపట్నంలో టైపు చేయించాను, రెండే పేజీలు. ఏడాది పైన పట్టింది కానీ ఒప్పుకున్నారు. పెన్షన్‌కు ఆ 30 శాతం వైకల్యాన్ని 50గా లెక్కించమన్న అర్జీ ఇంకా తేలలేదు.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. నా కాగితాల్లో లడఖ్ ఉండటం కలిసొచ్చింది. 2023 సెప్టెంబర్ 21 తర్వాత రిటైరైనవాళ్లకు రూల్స్ వేరు.