ఎంఏ ఫిలాసఫీలో చేరుతున్నారా? మూడు పేజీలతో మొదలుపెట్టండి

డిగ్రీలో ఫిలాసఫీ లేదు, చదివింది తెలుగు మీడియం, ఎంఏలో నెగ్గుకురాగలమా అని ఏటా ప్రవేశాల సమయంలో మా విద్యార్థులు అడుగుతుంటారు. తప్పకుండా నెగ్గుకురావచ్చు. నేను కూడా తెలుగు మాధ్యమంలో బీఏ చదివి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం ఎంఏ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. చదివే తీరు మాత్రం మార్చుకోవాలి. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ప్రవేశం గురించి రెండు ముక్కలు. చాలా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే సీయూఈటీ-పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. చాలాచోట్ల ఏ డిగ్రీ ఉన్నా ఎంఏ ఫిలాసఫీకి అర్హులే. ఇంజినీరింగ్, బీకాం చదివి వచ్చేవారు కూడా ఉంటారు. కాబట్టి మొదటి సెమిస్టర్లో తరగతిలో మీలాంటి కొత్తవాళ్లు ఇంకా ఉంటారు.

ఇక చదువు. డిగ్రీలో మనకు అలవాటైన పని నోట్సు చదివి గుర్తుపెట్టుకోవడం. డెకార్ట్ ఏమన్నాడు, శంకరులు ఏమన్నారు అని రాస్తే మార్కులు వచ్చేవి. ఎంఏలో అడిగేది వేరు: ఆయన అలా అనడానికి కారణం ఏమిటి, ఆ కారణం నిలుస్తుందా? దీనికి సాధన కావాలి. సాధనకు నేను అందరికీ చెప్పేది ఎడ్మండ్ గెటియర్ 1963లో అచ్చువేసిన మూడు పేజీల వ్యాసం. జ్ఞానమీమాంస, అంటే జ్ఞానం అంటే ఏమిటో పరిశీలించే కోర్సులో చాలాచోట్ల అది ఎదురవుతుంది. తగిన ఆధారం ఉన్న నిజమైన నమ్మకమే జ్ఞానం అన్న నిర్వచనం సరిపోదని అందులో వాదిస్తాడు.

అందులో కథ ఇది. స్మిత్, జోన్స్ ఒకే ఉద్యోగానికి దరఖాస్తు చేశారు. ఉద్యోగం జోన్స్‌కే వస్తుందని కంపెనీ అధ్యక్షుడు స్మిత్‌తో చెప్పాడు. జోన్స్ జేబులో పది నాణేలు ఉన్నాయని స్మిత్ స్వయంగా లెక్కపెట్టాడు. అందువల్ల 'ఉద్యోగం వచ్చే మనిషి జేబులో పది నాణేలు ఉన్నాయి' అని నమ్మాడు. తీరా ఉద్యోగం స్మిత్‌కే వచ్చింది, తనకు తెలియకుండా తన జేబులోనూ పది నాణేలే ఉన్నాయి. నమ్మకం నిజమైంది, దానికి తగిన ఆధారమూ ఉంది. అయినా అతనికి ఆ విషయం తెలుసు అనగలమా?

కథ అందరికీ గుర్తుంటుంది. గుర్తుండనిది, అసలు పట్టుకోవలసింది, కథకు ముందు గెటియర్ చెప్పిన రెండు అంశాలు. ఒకటి: అబద్ధమైన విషయాన్ని కూడా తగిన ఆధారంతో నమ్మే అవకాశం ఉంది. రెండు: ఆధారం ఉన్న నమ్మకం నుంచి తర్కబద్ధంగా మరొకటి తేల్చి దాన్ని నమ్మితే, ఆ రెండో నమ్మకానికీ ఆధారం ఉన్నట్టే. వ్యాసం బరువంతా ఈ రెండింటి మీదే ఉంది. మీరు చేయవలసిన పని: ఒక కాగితం మీద ఈ వాదాన్ని ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, తెలుగులోనే, పుస్తకం చూడకుండా రాయడం. చివరి వాక్యం ముందువాటి నుంచి నిజంగా వస్తుందో లేదో చూడండి. రాకపోతే మధ్యలో ఏదో వదిలేశారని అర్థం, వ్యాసం మళ్లీ తెరవండి. ఆ తర్వాత ఒక్కో వాక్యాన్ని కాదని చూడండి. ఏది కాదంటే వాదమంతా కూలుతుంది? ఈ పని ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రంలో నేర్చుకున్నది నాలుగు గైడు పుస్తకాల్లో దొరకదు.

దీన్నే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లండి. అన్నంభట్టు తర్కసంగ్రహం చిన్న పుస్తకం, న్యాయ దర్శనానికి ప్రవేశిక లాంటిది, భారతీయ తత్త్వశాస్త్రం కోర్సులో చాలాచోట్ల చదువుతారు. ప్రమాణం అంటే సరైన జ్ఞానం కలిగించే సాధనం. అందులో శబ్దప్రమాణం, అంటే మాట ద్వారా జ్ఞానం కలిగించేది, ఆప్తవాక్యం; ఆప్తుడు అంటే యథార్థం చెప్పేవాడు. మరి కంపెనీ అధ్యక్షుడు చెప్పిన మాట నిజం కాలేదు కదా! ఈ లెక్కన ఆ మాట అసలు ప్రమాణమే కాదు. అంటే గెటియర్ చెప్పిన మొదటి అంశాన్ని నైయాయికుడు (న్యాయ దర్శనాన్ని అనుసరించేవాడు) ఒప్పుకుంటాడా? ఒప్పుకోకపోతే గెటియర్ సమస్య తీరినట్టా, పక్కకు జరిగినట్టా? మీ మొదటి సెమినార్ పత్రానికి ఇది చాలు. 'భారతీయ, పాశ్చాత్య జ్ఞానమీమాంస: తులనాత్మక పరిశీలన' లాంటి ఆకాశమంత శీర్షికలు దయచేసి పెట్టకండి. అలాంటి పత్రంలో రాసేవాళ్ల ఆలోచనకు చోటే ఉండదు.

పెద్ద గ్రంథాల దగ్గరికి వస్తే, కాంట్ శుద్ధప్రజ్ఞా విమర్శ (క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్) చూసి చాలామంది జంకుతారు. మొత్తం చదవమని ఎవరూ అనరు. పేజీల అంచుల్లో ఎ, బి అని అంకెలు కనిపిస్తాయి. ఎ అంటే 1781 నాటి మొదటి కూర్పు, బి అంటే 1787 నాటి రెండోది. తరగతిలో 'ఎ 51, బి 75' అంటే ఎవరి చేతిలో ఏ అనువాదం ఉన్నా అందరూ అక్కడికే వెళ్తారు. మీ పత్రంలోనూ అలాగే సూచించండి. ప్లేటోకు కూడా ఇలాంటి అంచు అంకెలే ఉంటాయి. వారానికి నాలుగైదు పేజీలు, కానీ పైన చెప్పిన పద్ధతిలో చదవండి. స్టాన్‌ఫర్డ్ తత్త్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చాలా నమ్మదగినది. మూలం ఒకసారి మీరే చదివాక మాత్రమే దాన్ని తెరవండి. ముందే తెరిస్తే ఇతరుల అభ్యంతరాలే మీ అభ్యంతరాలవుతాయి.

ఇంగ్లిష్ గురించి బెంగ వద్దు అనను, ఉంటుంది. తరగతిలో నోరు తెరవాలంటే ముందురోజు రాత్రే ఒక ప్రశ్న రెండు వాక్యాల్లో రాసుకుని వెళ్లండి. 'ఫలానా పేజీలో ఈ వాక్యం ముందు వాక్యం నుంచి ఎలా వచ్చింది?' అన్నది చాలు. పాఠం చెప్పేవారికి అంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదని ఇప్పుడు బల్లకు ఇవతలి వైపు నిలబడ్డాక నాకు బాగా తెలుసు. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికోసారి ఒక పేరా చదువుకోండి. అక్కడ తెలుగులో వాదించుకోండి, మొహమాటం అక్కర్లేదు.

రెండో ఏడాది నుంచి నెట్, అంటే అధ్యాపక ఉద్యోగానికీ పరిశోధన ఫెలోషిప్‌కూ అర్హత చూసే జాతీయ పరీక్ష సంగతి చూడాలి. మొదటి పేపరు 50 ప్రశ్నలు, ఫిలాసఫీ పేపరు 100 ప్రశ్నలు, ప్రశ్నకు రెండు మార్కులు, అన్నీ బహుళైచ్ఛికాలే. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి మొదటి సెమిస్టర్ నుంచే తెలుగు, ఇంగ్లిష్ పారిభాషిక పదాలు పక్కపక్కన రాసుకునే నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. ఆ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఎవరి మీదా ఆధారపడకుండా పరిశోధన చేసుకోవచ్చు. భారతీయ తత్త్వశాస్త్ర పరిశోధన మండలి ఫెలోషిప్పులు కూడా ఉన్నాయి, ఆ ప్రకటనలు గమనిస్తూ ఉండండి. పీహెచ్‌డీ దరఖాస్తుకు పరిశోధన ప్రతిపాదన రాయాల్సి వచ్చినప్పుడు, ఎంఏలో అధ్యాపకులు ఎరుపు సిరాతో ఎక్కువ ప్రశ్నలు వేసి తిరిగిచ్చిన పత్రాన్ని తీసి, ఆ ప్రశ్నల్లో మీరు ఇంకా జవాబు చెప్పలేని ఒకదాన్ని ఎంచుకోండి.