స్ట్రింగ్ టీచర్ల సంఘంలో పదవికి పోటీ చేసే ముందు

అమెరికా బడుల్లో ఆర్కెస్ట్రా నేర్పుతూ, వయొలిన్, చెల్లో లాంటి తీగ వాద్యాలు నేర్పేవారి సంఘమైన అమెరికన్ స్ట్రింగ్ టీచర్స్ అసోసియేషన్ రాష్ట్ర శాఖలో పదవికి నామినేషన్ వేద్దామనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• సభ్యత్వం గడువు దాటలేదు కదా?

• శాఖ నియమావళి మొత్తం చదవండి. అధ్యక్ష పదవి చాలాచోట్ల మూడు దశలు: ఎన్నికైన కొత్తలో ప్రెసిడెంట్ ఎలెక్ట్ (కాబోయే అధ్యక్షులు), తర్వాత అధ్యక్షులు, ఆపైన మాజీ అధ్యక్షుల హోదా. ఒక్కో దశ రెండేళ్లయితే మొత్తం ఆరేళ్లు. ఇది తెలియకుండా దిగేవాళ్లే ఎక్కువని నా అనుమానం.

• ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడండి. వసంతకాలంలో మీ పిల్లల పోటీలు, కచేరీలు ఉంటాయి. సంఘం పనులూ అప్పుడే మీద పడవచ్చు. సెలవు దొరుకుతుందా, మీ బదులు క్లాసు తీసుకునే టీచరుకు ఆర్కెస్ట్రా వచ్చా?

• కోశాధికారి పదవైతే లెక్కలు చూడందే ఒప్పుకోవద్దు. బ్యాంకు ఖాతా మీద ఎవరి సంతకాలున్నాయి? పన్ను శాఖకు ఏటా ఇవ్వాల్సిన ఫారం 990 ఎవరు పంపుతున్నారు? వరుసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది.

• మీ శిష్యులు పాల్గొనే పోటీకి న్యాయనిర్ణేతల ఎంపికలో మీరుండకండి. తల్లిదండ్రులు గమనిస్తారు.

• 1946లో పుట్టిన ఈ సంఘంలో బడి ఆర్కెస్ట్రాల జాతీయ సంఘం 1998లో కలిసింది. అంటే ఓటర్లలో మీలాంటి బడి టీచర్లే కాదు, ఇంటి దగ్గర పాఠాలు చెప్పేవారు, యూనివర్సిటీ ప్రొఫెసర్లు కూడా ఉంటారు. వాళ్ల ఇబ్బందులు మీ ఇబ్బందుల్లాంటివి కావు. నామినేషన్‌కు ముందే వాళ్లలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి.