వరద రాకముందే పాస్‌వర్డ్ మేనేజర్: ముందుగా చూసుకోవాల్సినవి

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వినపడే రోజులు దగ్గరపడ్డాయి. 2022 జూలై వరదలో మా పాస్‌వర్డ్‌ల నోటుపుస్తకం తడిసి, పేజీలన్నీ నీలం మరకలయ్యాయి. ఈసారి పాస్‌వర్డ్ మేనేజర్‌కు, అంటే పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట తాళం వేసి దాచే యాప్‌కు, మారుతున్నవారు ఇవి చూసుకోండి.

– ఆ యాప్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ పోగొట్టుకోవద్దు. బిట్‌వార్డెన్ వంటి మేనేజర్లలో అది కంపెనీకి కూడా తెలియదు, తిరిగి చెప్పడం దాని వల్ల కాదు. ఇంటిపేరు, పుట్టిన తేదీ కాకుండా, పొంతన లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకోండి. కాగితం మీద రాసి, పట్టాదారు పాసుపుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద ఉంచండి. లంక గ్రామాలవారు ఇంకో ప్రతిని మెరక మీద ఉన్న నమ్మకస్తుల ఇంట్లో దాచడం మంచిది.

– రికవరీ కోడ్ (ఓటీపీ అందనప్పుడు ఖాతాలోకి వెళ్లడానికి ముందే ఇచ్చే కోడ్) కూడా రాసుకోండి. ఓటీపీ వచ్చే ఫోనే పడవ దిగేటప్పుడు నీళ్లలో పడితే అది అక్కరకొస్తుంది.

– మొదట ఈమెయిలు పాస్‌వర్డ్ మార్చండి. అది దొంగ చేతికి చిక్కితే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చేయడం తేలిక.

– మేనేజర్‌లోకి ఎక్కించడానికి బ్రౌజర్ నుంచి దించిన పాస్‌వర్డ్‌ల ఫైలును, పని కాగానే చెరిపేయండి. అందులో అన్నీ తాళం లేకుండానే ఉంటాయి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఈ పని అసలు వద్దు.

– మేనేజర్‌ను ఇంకో ఫోనులో తెరిచి చూశాకే పాత నోటుపుస్తకం చింపండి.