సర్వైవల్ కర్వ్ మరీ బాగుందా? మధ్యలో మానేసినవాళ్లను చూడండి

సమస్య: మందు ట్రయల్ సగం దాటాక, ఏ నెలకు ఎంత శాతం మంది బతికున్నారో చూపే సర్వైవల్ కర్వ్ దిగడం ఆగిపోయి చదునుగా సాగుతుంది, మందు పనిచేస్తోందని అందరికీ సంతోషం. గ్రాఫ్ కింద ఏ నెలకు ఇంకా ఎంతమంది ఫాలోఅప్‌లో మిగిలారో అంకెలుంటాయి కదా, దయచేసి ముందు అవి చదవండి.

అసలు కారణం చాలాసార్లు మధ్యలో మానేసినవాళ్లే. ఈ కర్వ్ గీసే 1958 నాటి కాప్లాన్-మేయర్ పద్ధతి, సెన్సార్ అయినవాళ్లకూ (అంటే తర్వాత ఏమయ్యారో తెలియకుండా మధ్యలో లెక్క నుంచి తప్పుకున్నవాళ్లకూ) మిగిలినవాళ్లకూ ముందున్న ప్రమాదం ఒకటేనని నమ్మి లెక్క కడుతుంది. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు వైపు అలా జరగదు. పర్లాకిమిడి, గుణుపురం పేషెంటుకు జబ్బు ముదిరితే ఇంట్లోవాళ్లు విశాఖ తీసుకెళ్లిపోతారు, మన రిజిస్టర్‌లో మాత్రం 'ఫాలోఅప్‌కు రాలేదు' అని పడుతుంది. అక్కడ ఆయన పోయినా మనకు తెలియదు. గంజాం కుర్రాడు ఒళ్లు కుదుటపడగానే సూరత్ మరమగ్గాల పనికి వెళ్లిపోతాడు, అతనూ సెన్సారే. మొదటి రకం కర్వ్‌ను పైకి లేపుతుంది, రెండోది కిందికి లాగుతుంది, రెండూ సరిగ్గా సరిపోతాయని ఆశ పెట్టుకోవద్దు.

ఉదాహరణకు 40 మందిలో 10 మంది మొదట్లోనే మానేశారు, ఆ తర్వాత మిగిలిన 30 మందిలో ముగ్గురు చనిపోయారు అనుకోండి. కర్వ్ 90 శాతం బతికారంటుంది. మానేసిన పదిమందిలో ఆరుగురు పోయి ఉంటే నిజం 77.5 శాతమే. ఇక సైడ్ ఎఫెక్టులు తట్టుకోలేక ఒక గ్రూపులోనే ఎక్కువమంది మానేస్తే హజార్డ్ రేషియో (రెండు గ్రూపుల ప్రమాదాల నిష్పత్తి) కూడా నమ్మడానికి లేదు.

పరిష్కారం: ఎవరు, ఎప్పుడు, ఎందుకు మానేశారు, చివరి విజిట్‌లో ఎలా ఉన్నారు, ఇవన్నీ గ్రూపువారీగా ఒక పట్టిక వేయండి. ఇంత చిన్న పని వదిలేసి నేరుగా మోడల్‌లోకి దూకుతారు, అదే నా బాధ. మందు మానేసినంత మాత్రాన ట్రయల్ మానేసినట్టు కాదు, సమ్మతి వెనక్కి తీసుకోనివాళ్ల ఇంటికి ఫోన్ చేసి, తెలుగో ఒడియానో వాళ్ల భాషలో, ఎలా ఉన్నారో కనుక్కోండి. చేర్చుకునే రోజే బంధువుల నంబరు కూడా రాసుకుంటే ఇది సులువు. అయినా దొరకనివాళ్లు ఉంటే, మందు తీసుకున్న గ్రూపులో మానేసినవాళ్లంతా ఆ రోజే చనిపోయారనుకుని, రెండో గ్రూపును కదపకుండా, మళ్లీ లెక్కించండి. ఫలితం నిలబడితే సరే. తిరగబడితే, మానేసినవాళ్లలో ఎంతమంది చనిపోయారనుకుంటే తిరగబడుతుందో రిపోర్టులో రాయండి. వెయిట్లు వేసి సరిచేసే పద్ధతులున్నాయి గానీ, మానేయడానికి దారితీసిన సంగతులు మీ డేటాలో ఉంటేనే అవి పనికొస్తాయి. మానేయడానికీ ప్రమాదానికీ సంబంధం లేదని ఆ డేటా నుంచే తేల్చే టెస్ట్ లేదు, వెతకొద్దు.

చనిపోయారా లేదా అని రాసే 0, 1 కోడ్‌లు తారుమారైనా, తేదీలో రోజూ నెలా అటుఇటైనా కర్వ్ తప్పుతుంది, వాటినీ ఒకసారి సరిచూసుకోండి.