సౌదీలో క్రిస్మస్: ప్రార్థన గదిలోకి ఫోన్ తీసుకెళ్లకండి

2011 డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు, జెద్దాలో ఒక ఇంట్లో ప్రార్థనకు కూడిన 35 మంది ఇథియోపియన్లను పట్టుకెళ్లారు. నెలల తరబడి జైల్లో ఉంచి దేశం నుంచి పంపేశారు. 2016లో ముతవ్వాలకు, అంటే మత పోలీసులకు, అరెస్టు చేసే అధికారం తీసేశారు. అప్పటినుంచి అక్కడ పనిచేసే మన క్రైస్తవులకు భయం పోయింది. చట్టం మాత్రం మారలేదు. సౌదీలో చర్చి లేదు, బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. ఇంట్లో చేసుకునే ప్రార్థన జోలికి రామని ప్రభుత్వం చెబుతూ వచ్చింది గానీ, అది చట్టంలో రాసిన హక్కు కాదు.

మనుషుల్ని ముంచేది ఎక్కువగా ప్రార్థన కాదు, వీడియో. కార్మికుల క్యాంపు గదిలో పదిమంది మెల్లగా పాడుకుని లేచిపోతే పట్టించుకునేవాళ్లు తక్కువ. అందులో ఒకరు ఊళ్లోవాళ్లు చూస్తారని లైవ్ పెడతారు. ఊరి సంఘం గ్రూపులో పడ్డ ఆ వీడియో చేతులు మారి తిరిగి క్యాంపుకే వస్తుంది. జీతం దగ్గరో, మంచం దగ్గరో మీతో గొడవపడ్డవాడు దాన్ని కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, చూపిస్తాడు. మొహాలు, గది, తేదీ అన్నీ అందులోనే ఉంటాయి. 2007 సైబర్ నేరాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం మత విలువలకు భంగమని తేల్చిన పోస్టుకు ఐదేళ్ల వరకు జైలు, 30 లక్షల రియాళ్ల వరకు జరిమానా. డిలీట్ చేశామంటే సరిపోదు, స్క్రీన్‌షాట్ వేరేవాళ్ల ఫోన్లో ఉంటుంది.

కూడిక చిన్నదిగా ఉండాలి. మైకు, డప్పు, కిటికీలో నక్షత్రం వద్దు. చెప్పులన్నీ గుమ్మం బయట వదలకండి, మంది లెక్క వాటిలోనే తెలుస్తుంది.

సొంతానికి ఒక బైబిలు ఉంచుకోవచ్చు. సామానులో కట్టలుగా తేవద్దు, కరపత్రం ఒక్కటి కూడా వద్దు. కానుక పోగుచేయకండి: అనుమతి లేని చందా సౌదీలో విడిగా ఇంకో నేరం. ఇవ్వాలనుకున్నది ఎవరికి వారే ఇంటికి పంపుకోండి. బాబా (ఇంటి యజమాని) పిల్లలకు యేసు కథలు చెప్పకండి, వాళ్లే అడిగినా సరే. ప్రవక్త గురించి తోటి పనివాళ్లతో వాదన వద్దు. వాళ్లు రెచ్చగొట్టినా లేచి వెళ్లిపోండి. డ్రైవర్లు మక్కా దారిలో ముస్లిమేతరులకని బోర్డు చూపిన రోడ్డే పట్టాలి, జీపీఎస్ ఏం చెప్పినా. కువైట్‌లో చర్చిలున్నాయి, తెలుగు ఆరాధన కూడా ఉంది. అక్కడి అలవాటు సౌదీకి తేవద్దు. ఊళ్లో పాస్టర్ గారికి ముందే చెప్పండి: మీ పేరు, ఫొటో, కంపెనీ పేరు గ్రూపులో పెట్టొద్దని. వీడియో కాల్‌లో ఆరాధన చూపమంటే కుదరదనండి. స్టేటస్ వద్దు. లైవ్ వద్దు. ఫోన్ పక్క గదిలో పెట్టి రండి.

అకామా (నివాస అనుమతి కార్డు), పాస్‌పోర్టు కాపీలు ఊళ్లో మీ ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి. పోలీసులు పట్టుకుంటే పరుగెత్తకండి. చదవలేని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి. అనువాదకుణ్ణి అడగండి. రియాద్‌లోని భారత రాయబార కార్యాలయానికో, జెద్దా కాన్సులేట్‌కో కబురు చేయమనండి.