దూడలకి ఇంట్లోనే నట్టల మందు

దూడల కడుపులో పడే నట్టలకి (పురుగులకి) ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) వాళ్ళు చెప్పే నాటు వైద్యం ఇది. జీలకర్ర, ఆవాలు పది గ్రాములు చొప్పున, మిరియాలు ఐదు గ్రాములు అరగంట నానబెట్టి, ఉల్లిగడ్డ ఒకటి, ఐదు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు వేపాకు, గుప్పెడు తుమ్మి ఆకు, కాస్త కాకరకాయ, అరటి బోదె, పసుపు అన్నీ కలిపి మెత్తగా రుబ్బి, బెల్లంతో ఉండలు కట్టి ఉప్పులో దొర్లించి తినిపించాలి. బెల్లం తగ్గించారో చేదుకి ఉమ్మేస్తుంది, మీ చొక్కా మీదే!

గొర్రెలు, మేకలకైతే ముందు కింది కనురెప్ప లాగి చూడండి, ఎర్రగా ఉంటే ఫర్వాలేదు, తెల్లగా పాలిపోయి దవడ కింద నీరు దిగిందంటే జలగల్లాంటి నట్టలు రక్తం తాగేస్తున్నట్టే, అప్పుడు ఆకులూ అలమలూ అంటూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పేడ పరీక్ష కూడా చేయించండి, మందు పనిచేసిందో లేదో పేడలో ఉండే నట్టల గుడ్ల లెక్కలోనే తెలుస్తుంది.